పదకొండు చోట్ల నడుస్తున్న బండి

బ్రాడీపేట నాలుగో లైన్లో, టిఫిన్ సెంటర్ మేడ మీద
నెలకో ఆదివారం మా పాత కార్ల సంఘం మీటింగు.
కింద పెసరట్లు కాలుతుంటే
పైన మేం కాలుతుంటాం.
నేను కోశాధికారిని. అంటే
రసీదు పుస్తకం నాది, కార్బన్ కాయితం నాది,
తిట్లు కూడా నావే.

ఆ రోజు గొడవ ప్రవేశ రుసుం గురించి.
ఐదొందలున్నది ఐదువేలు చేద్దామన్నారు
అధ్యక్షులు మైనేని త్రివిక్రమరావు గారు.
"చవగ్గా ఉంటే ప్రతివాడూ వస్తాడండీ."
ప్రతివాడూ అంటే ఎవరండీ, అంది దయామణి.
పెద్దాసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నైట్ డ్యూటీలు చేసి
ఇప్పుడు హెరాల్డ్‌ని తనే తోలుకొచ్చే మనిషి.
ఎవరూ చెప్పలేదు.
టేబుల్ ఫ్యాను మాత్రం అటూ ఇటూ తల తిప్పింది.

మిర్చి యార్డు శేషగిరి లేచాడు:
పరేడ్ గ్రౌండ్ ప్రదర్శనకి టికెట్టు పెట్టాలట,
సభ్యుల పిల్లలకి సగం, అల్లుళ్ళకి పూర్తి.
అల్లుళ్ళున్న ఒకాయన కుర్చీ వెనక్కి తన్నాడు.
నలభయ్యేళ్ళ బండా, యాభయ్యా,
ట్యాక్సీగా తిరిగింది పాతదా, అరిగిందా,
అన్నీ రాశాను. మినిట్స్ పుస్తకంలో
మా వయసులు తప్ప అన్నీ ఉన్నాయి.

అప్పుడు మెట్ల దగ్గర నించున్న బాజీ
స్పానరున్న చెయ్యే ఎత్తాడు.
"సార్, నాకూ మెంబర్‌షిప్పు కావాలి."

నవ్విందెవరో గుర్తులేదు. నేనే కావచ్చు.
"నీకు బండేదయ్యా?"
ప్లాస్టిక్ కవర్లోంచి ఆర్సీ పుస్తకం తీశాడు.
ల్యాండ్‌మాస్టర్. అతని పేరు, తండ్రి పేరు,
చెదలు సగం తిన్న ముద్ర.
"బండెక్కడ?"
"కిందే ఉంది సార్."
అందరం పిట్టగోడ మీంచి తొంగిచూశాం.
వరసగా మా బండ్లే,
మధ్యలో ఓ బోండాల తోపుడుబండి.

టైమెంతైందో చెప్పినంత మామూలుగా చెప్పాడు.
"మీ మోరిస్‌లో కార్బ్యురేటర్ నాది సార్.
డాక్టరుగారి గేరుబాక్సు నాది.
శేషగిరిగారి ఎడమ తలుపు నాది, రంగు వారిది.
మేడమ్‌గారి డైనమో..."
అలా పదిమంది పేర్లు చెప్పాడు.
"వేరేది దొరికిందాకా పెట్టవయ్యా అన్నారు, పెట్టాను.
దొరకలేదు. నేనూ అడగలేదు.
షెడ్డులో ఇటుకల మీద డొల్ల మిగిలింది,
దాన్లో కోడి గుడ్లు పెడుతోంది.
బండి మాత్రం నడుస్తోంది సార్,
పదకొండు చోట్ల."

నాలుగో నిబంధన: బండి నడిచే స్థితిలో ఉండాలి.
రాసింది నేనే. ఎక్కడ నడవాలో రాయలేదు.
"అట్లయితే పదకొండు ఫీజులు కట్టమనండి" అన్నాడు శేషగిరి.
"అట్లయితే పదకొండు అద్దెలు బాకీ" అంది దయామణి,
అని, తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది,
"డైనమో ఇప్పుకో నాయనా, నేను ఆటోలో పోతా."
బాజీ తాళంచెవి వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

టీలు వచ్చాయి. ఒకటి తక్కువొచ్చింది.
అధ్యక్షులు గడియారం చూసుకుని
వచ్చే నెలకి వాయిదా అన్నారు.
వాయిదా అని రాశాను.
ఎవరూ చెప్పకపోయినా రసీదు కూడా రాశాను:
షేక్ బాజీ, తండ్రి పేరు, బండి నంబరు.
మొత్తం దగ్గర పెన్ను ఆగింది.
ఐదొందలా, ఐదువేలా,
అతను మాకా, మేం అతనికా.

ఇంటికి పోతుంటే శంకర్ విలాస్ దగ్గర
ఆటో అడ్డమొచ్చింది. హారన్ నొక్కాను.
పదకొండోది అదే.
నా పేరు చెప్పకుండా పదిమందితో ఆపాడు.
ఆటో పక్కకి జరిగింది.
నేను ఇంకో రెండుసార్లు నొక్కాను,
రోడ్డు ఖాళీగానే ఉన్నా.